నీళ్లలో కరగని మందుకి ఆల్జినేట్ గుళికలు చేసే పద్ధతి

మైక్రోక్యాప్సూల్ (చుట్టూ గోడ ఉన్న చాలా చిన్న గుళిక) చేస్తే చాలు, మందు రక్తంలోకి బాగా చేరుతుందని మా ఎం.ఫార్మసీ పిల్లల్లో చాలామంది అనుకుంటారు. కానీ కరగని పలుకుల్ని అలాగే గోడలో బంధిస్తే, మందు ఇంకా ఆలస్యంగా బయటికొస్తుంది. ముందు మందు నూనెలో పూర్తిగా కరగాలి, గోడ కట్టడం ఆ తర్వాత.

ఈ ప్రాక్టికల్‌కి నేను ఫెనోఫైబ్రేట్ (రక్తంలో కొవ్వు తగ్గించే మందు) తీసుకుంటాను. నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. మీడియం చెయిన్ ట్రైగ్లిజరైడ్ నూనెను గోరువెచ్చగా చేసి మందు కలపండి. రాత్రంతా గదిలో వదిలేసి పొద్దున వెలుతురులో చూడండి. అడుగున పలుకులు కనిపిస్తే మందు ఎక్కువైనట్టే, తగ్గించి మళ్లీ కలపండి.

100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 2 గ్రాముల సోడియం ఆల్జినేట్ (కాల్షియం తగిలితే జెల్‌గా గట్టిపడే పొడి, గోడ దీనితోనే) కొద్దికొద్దిగా చల్లుతూ కలియతిప్పాలి. ఒక్కసారే గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. బోరు నీళ్లు అసలు వద్దు, వాటిలోని కాల్షియంతో జెల్ అక్కడే మొదలవుతుంది. ఇందులో 10 గ్రాముల మందు నూనె, 1 గ్రాము ట్వీన్ 80 (నూనెను నీళ్లలో కలిపి ఉంచే పదార్థం) వేసి, పాలలా తెల్లబడేదాకా హోమోజినైజర్‌తో తిప్పండి.

దీన్ని సన్నటి సూది ఉన్న సిరంజితో 2 శాతం కాల్షియం క్లోరైడ్ ద్రావణంలోకి చుక్కలుగా వదలండి. సూది మరీ దగ్గరగా ఉంటే గుళికకి తోక వస్తుంది, మరీ ఎత్తు నుంచి పడితే అణిగిపోతుంది. సిరంజితో వచ్చేవి మిల్లీమీటరు పైనే ఉంటాయి. నిజంగా మైక్రో కావాలంటే సూది చుట్టూ గాలి ఊదే నాజిల్ పెట్టాలి.

20 నిమిషాలు గట్టిపడనిచ్చి డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడగండి. విశాఖలో ఈ కడగడం దగ్గర బద్ధకిస్తే పని పాడవుతుంది: పైన మిగిలిన కాల్షియం క్లోరైడ్ సముద్రపు గాలిలోని తేమను లాగేసుకుని గుళికలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. 40 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, వెంటనే సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) పెట్టండి. ఇవి పరీక్షకే, ఎవరూ మింగకూడదు.

డిసొల్యూషన్‌కి, అంటే మందు ఎంత వేగంగా కరిగి బయటికొస్తుందో చూసే పరీక్షకి, పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్ వాడండి. ఫాస్ఫేట్ కాల్షియంను లాక్కోవడంతో గోడ ఉబ్బి విడిపోతుంది. ఆమ్లంలో అయితే గట్టిగానే ఉంటుంది. మందు కరగడానికి మీడియంలో, అంటే ఈ బఫర్‌లో, కాస్త సోడియం లారిల్ సల్ఫేట్ (సబ్బులాంటి పదార్థం) కావాలి. ముడి మందుని కూడా అదే మీడియంలో, అదే మోతాదులో పక్కనే నడపండి. గుళికలవీ ముడి మందువీ రెండు గీతలూ ఒకే గ్రాఫ్‌లో చూశాకే మెరుగైందో లేదో రికార్డులో రాయండి.