ఇఫ్ లోపల మారిన విలువ బయటికి రాగానే పాతదైపోతోందా?

అమీర్‌పేటలో జావాస్క్రిప్ట్ కోచింగ్‌లో చేరినవారికి మొదటి వారాల్లోనే ఎదురయ్యే చిక్కు ఇది. మెట్రో టికెట్ లెక్కగట్టే ప్రోగ్రామ్‌లో ఛార్జీ 40 అని పెట్టుకుని, ఆదివారమైతే 30 చేయమని ఇఫ్ అనే షరతు రాస్తారు (అంకెలు ఊరికే అనుకున్నవే). ఆదివారం అని ఇచ్చినా చివరికి 40 వస్తుంది.

ముందుగా షరతు నిజమైందో లేదో చూడాలి. ఎంత చెప్పినా ఎవరూ చూడనిది ఇదే. ఇఫ్‌కు పై లైనులో ఆ షరతునే కన్సోల్ లాగ్‌తో ప్రింట్ చేయండి. ఫాల్స్ వస్తే తప్పు షరతులోనే ఉంది. రోజు పేరు చివర స్పేస్ మిగిలిందేమో చూసుకోండి. సోమవారం కూడా రాయితీ వస్తోందంటే, పోల్చవలసిన చోట ఒక్క ఈక్వల్ గుర్తే పెట్టి ఉంటారు.

షరతు ట్రూ అయి, ఫ్లవర్ బ్రాకెట్ల లోపల 30, బ్రాకెట్ దాటాక 40 ప్రింట్ అవుతుంటే, లోపలి లైనులో ఛార్జీ ముందు మళ్లీ ‘లెట్’ రాసి ఉంటారు. లెట్‌తో ప్రకటించిన వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) ఆ బ్రాకెట్ల మధ్యే ఉంటుంది. పేరు ఒకటే అయినా అది కొత్త వేరియబుల్; ఒకే పేరున్న ఇద్దరిలో ఇంట్లో పిలిస్తే ఇంట్లోవాడే పలికినట్టు, లోపల 30 దానికే చేరుతుంది, బయటిది కదలదు. భాష దృష్టిలో ఇది తప్పు కాదు గనుక ఎర్రర్ రాదు. నిజానికి ‘లెట్ ఛార్జీ = ఛార్జీ - 10’ అని రాసి ఉంటే ఎర్రర్ వచ్చేది, ఎందుకంటే కుడివైపు ఛార్జీ కూడా ఇంకా విలువ అందని లోపలి వేరియబులే అవుతుంది. ఆ ఎర్రర్ చూసి కంగారుపడి, తీసివేతను చెరిపి నేరుగా 30 రాసేవారున్నారు. దానితో ఎర్రర్ పోతుంది, అసలు తప్పు అలాగే దాగి ఉంటుంది.

లోపలి ‘లెట్’ అనే మాటను తీసేసి, ‘ఛార్జీ = 30’ అని మాత్రమే ఉంచండి. బయటి ప్రకటన కాన్స్ట్ (విలువ మళ్లీ మార్చనివ్వనిది) అయితే దానిని లెట్‌గా మార్చండి. రెండు చోట్లా లెట్‌కు బదులు వార్ అనే పాత మాట పెట్టేయమని సీనియర్లు చెబుతారు. 2015లో లెట్ రాకముందు అందరూ వాడినది అదే. వార్ ఇఫ్ బ్రాకెట్లను లెక్కచేయదు కాబట్టి పని జరిగినట్టే కనిపిస్తుంది. కానీ ఆ ఇఫ్‌ను రేపు ఒక ఫంక్షన్ లోపలికి మారిస్తే, బయటి ఛార్జీ మళ్లీ 40 దగ్గరే ఆగిపోతుంది. కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్ అనే టూల్ వాడేవారు, బయటి పేరునే లోపల మళ్లీ ప్రకటించవద్దనే నో-షాడో నియమాన్ని ఆన్ చేసుకుంటే, లోపలి లెట్ రాసిన వెంటనే ఎడిటర్ దానిని పట్టిస్తుంది.

ఫైల్ సేవ్ చేయకపోవడం, బ్రౌజర్ పాత కాపీనే నడపడం కూడా ఒక్కోసారి కారణం కావచ్చు. ఫైల్ సేవ్ చేసి, పేజీని కంట్రోల్, షిఫ్ట్, ఆర్ నొక్కి రీలోడ్ చేస్తే తేలిపోతుంది.