ఎలక్ట్రిక్ కారు ఎయిర్ సస్పెన్షన్ విప్పే ముందు జాగ్రత్తలు

▢ కారు చదునైన గట్టి నేల మీద ఉందా? చక్రాలకు అడ్డు పెట్టారా?

▢ జాక్ ఎత్తే ముందు స్క్రీన్‌లో జాక్ మోడ్ ఆన్ చేయండి. ఇది మరిచిపోతే కారు తన ఎత్తు తానే సరిచేసుకోబోయి ఉన్నట్టుండి కదులుతుంది. గాలి స్ప్రింగుల (ఈ సస్పెన్షన్‌లో కారు బరువు మోసే, గాలి నింపిన రబ్బరు సంచులు) మీద మాత్రమే నిలబడిన కారు కిందికి చెయ్యి కూడా పోనివ్వొద్దు. జాక్ స్టాండ్లు పెట్టాకే కిందికి దూరండి.

▢ జాక్ ఆనించేది కంపెనీ చూపించిన చోటే. అడుగున ఉన్నది బ్యాటరీ ప్యాక్. దానికి సొట్ట పడితే సస్పెన్షన్ ఖర్చు ఏపాటి అనిపిస్తుంది.

▢ నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లొద్దు, అవి హై వోల్టేజ్‌వి.

▢ కారు కిందికి దిగిపోతుంటే ముందు గాలి లీకు వెతకండి. చాలామంది నేరుగా కంప్రెసర్ (స్ప్రింగుల్లోకి గాలి కొట్టే పంపు) మార్చేస్తారు, నాకైతే అది తొందరపాటే. లీకు అలాగే ఉంటే ఎక్కువసేపు తిరిగి తిరిగి కొత్తదీ కాలిపోతుంది. రాత్రి చక్రం మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైనున్న బాడీ భాగం) అంచు దాకా నాలుగు మూలలా కొలిచి, పొద్దున మళ్లీ కొలవండి. ఒక్క మూలే దిగితే అక్కడి స్ప్రింగు, గొట్టం, వాల్వు చూడాలి. స్ప్రింగు రబ్బరు మడతలో, గొట్టం బిగించిన చోట సబ్బునీళ్లు రాస్తే బుడగలు పొంగుతాయి.

▢ గొట్టం విప్పే ముందు స్కాన్ టూల్‌తో (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరం) గాలి వదిలేయండి. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. నట్టు కొద్దిగా వదులు చేసి, బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగాకే తీయండి.

▢ కొత్త స్ప్రింగులో గాలి నింపకుండా కారు బరువు దాని మీదకి దించొద్దు, రబ్బరు అడ్డంగా మడతపడి చిరుగుతుంది.