రౌటర్‌లో కమాండ్ ఇంజెక్షన్ లోపం: పాస్‌వర్డ్ గట్టిగా ఉంటే సరిపోదు, ఏం చేయాలంటే

చాలా రౌటర్ల సెట్టింగ్స్‌లో డయాగ్నస్టిక్స్ అనే పేజీ ఉంటుంది. అక్కడి గడిలో 8.8.8.8 అని కొట్టి బటన్ నొక్కితే రౌటర్ ఆ అడ్రసుకు పింగ్ చేసి (చిన్న సందేశం పంపి బదులొస్తుందో చూసి) ఫలితం చూపిస్తుంది. రౌటర్‌ను నడిపే ఫర్మ్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్‌ను నాసిరకంగా రాస్తే లోపల జరిగేది ఇది: మీరు కొట్టిన అక్షరాలను "పింగ్" అనే మాట పక్కన అతికించి, ఆ లైను మొత్తాన్ని కమాండ్లను నడిపే లైనక్స్ షెల్ చేతిలో పెడుతుంది. షెల్‌కు సెమీకోలన్ కనిపిస్తే ఒక కమాండ్ అయిపోయింది, ఇంకోటి మొదలైంది అని లెక్క. అందుకే గడిలో "8.8.8.8; రీబూట్" అని కొడితే పింగ్ తర్వాత రౌటర్ కాస్తా రీబూట్ అవుతుంది. రీబూట్ బదులు బయటి సర్వర్ నుంచి ఓ ఫైలు దించుకుని నడిపే కమాండ్ ఉందనుకోండి, రౌటర్ మీ చేయి దాటిపోయినట్టే. దీన్నే కమాండ్ ఇంజెక్షన్ అంటారు. ఇళ్లలో వాడే చాలా రౌటర్లలో వెబ్ పేజీలను నడిపే ప్రోగ్రాంకు రూట్ హక్కులు (అన్నీ చేయగల అధికారం) ఉంటాయి కాబట్టి దాన్ని ఆపేది ఏదీ ఉండదు.

టీపీ-లింక్ ఆర్చర్ ఏఎక్స్21 రౌటర్‌లోని సీవీఈ-2023-1389 (బయటపడిన భద్రతా లోపానికి ఇచ్చే నంబరు ఇది) ఇలాంటిదే. 2022 డిసెంబరులో టొరంటోలో జరిగిన ప్వన్‌టుఓన్ హ్యాకింగ్ పోటీలో ఇది బయటపడింది. లోపం ఉన్నది భాష, దేశం సెట్ చేసే భాగంలో. దేశం కోడ్‌లో ఉండాల్సింది రెండే అక్షరాలు. అవి రెండేనా, అక్షరాలేనా అని చూడకుండానే ఆ విలువను షెల్‌తో కమాండ్ నడిపించే పాపెన్ అనే ఫంక్షన్‌కు అప్పగించారు. లాగిన్ కూడా అడగలేదు. 1.1.4 బిల్డ్ 20230219 ఫర్మ్‌వేర్‌తో లోపం సరిచేశారు. అయినా 2023 ఏప్రిల్‌కల్లా హ్యాకర్ల చేతికి చిక్కిన పరికరాల దండైన మిరాయ్ బాట్‌నెట్ అప్‌డేట్ చేయని రౌటర్ల మీద పడింది. మీ పాస్‌వర్డ్ ఇరవై అక్షరాలున్నా ఇక్కడ పనికిరాదు, దాన్ని అడిగితే కదా! కాపాడేది ఫర్మ్‌వేరే.

ముందు రౌటర్‌ను తిరగేసి కింది స్టిక్కర్ చదవండి. మోడల్ నంబరుతో పాటు వీ1, వీ2 లాంటి హార్డ్‌వేర్ వెర్షన్ కూడా రాసుకోండి. పేరు ఒకటే అయినా వెర్షన్ మారితే లోపలి చిప్ మారొచ్చు. ఒకదాని ఫర్మ్‌వేర్ ఇంకోదాంట్లో ఎక్కిస్తే రౌటర్ మళ్లీ లేవకపోవచ్చు. తర్వాత ఫోన్‌లో వైఫై వివరాలు తెరిస్తే గేట్‌వే అడ్రస్ కనిపిస్తుంది, మామూలుగా 192.168.0.1 లేదా 192.168.1.1. దాన్ని బ్రౌజర్‌లో కొట్టి లాగిన్ అయి, ఇప్పుడున్న ఫర్మ్‌వేర్ వెర్షన్‌ను కంపెనీ సైట్‌లో మీ మోడల్, మీ హార్డ్‌వేర్ వెర్షన్, మీ దేశం పేజీలో ఉన్నదాంతో పోల్చండి.

పాతదైతే అప్‌డేట్ చేయండి, కానీ ఒక వరసలో. ఫైలును ముందే కంప్యూటర్‌లోకి దించుకోండి. జిప్‌లో వస్తే విప్పి, లోపలి బిన్ ఫైలునే ఎక్కించాలి. నెట్ కంపెనీకి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, కంపెనీ ఇచ్చిన వీల్యాన్ నంబరు ఉంటే కాగితం మీద రాసుకోండి. ఇది మరిచిపోతే రీసెట్ తర్వాత కేబుల్ అతను వచ్చేదాకా నెట్ ఉండదు. ఇప్పుడు ఇంటర్నెట్ వైరు పీకి, రౌటర్ ఆపి మళ్లీ వేయండి. మిరాయ్ లాంటివి ర్యామ్‌లోనే ఉంటాయి కాబట్టి రీబూట్‌తో పోతాయి. వైరు అలాగే ఉంచితే మాత్రం అప్‌డేట్ అయ్యేలోపే మళ్లీ అంటుకోవచ్చు. కంప్యూటర్‌ను వైఫైతో కాకుండా ల్యాన్ కేబుల్‌తో కలిపి ఫైలు ఎక్కించండి. కరెంటు పోయే వేళలో ఈ పని పెట్టుకోకండి. ఇన్వర్టర్ లైను ఉంటే రౌటర్‌ను దాని మీద పెట్టండి. మధ్యలో ఆగితే ఫ్లాష్ సగం రాసి ఉండిపోతుంది.

అప్‌డేట్ అయ్యాక రీసెట్ బటన్‌ను పిన్నుతో పది సెకన్లు నొక్కి ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సెట్టింగ్స్ చేత్తోనే మళ్లీ పెట్టండి. పాత బ్యాకప్ ఫైలు వాడొద్దు, ఎవరో మార్చిన డీఎన్ఎస్ (సైట్ పేర్లను అడ్రసులుగా మార్చే సర్వర్) అడ్రస్ అందులోనే తిరిగి రావచ్చు. 2018లో బయటపడిన వీపీఎన్‌ఫిల్టర్ మాల్‌వేర్ మొదటి దశ రీబూట్‌కు కూడా పోలేదు, అందుకే రీసెట్ మానొద్దు.

ఫైబర్ వైరు నేరుగా దిగే ఓఎన్‌టీ బాక్సు అయితే ఈ రీసెట్ జోలికి పోకండి. నెట్ కంపెనీ పెట్టిన సెట్టింగ్స్ పోతే లైనే ఆగుతుంది. దాని ఫర్మ్‌వేర్ చాలావరకు కంపెనీయే దూరం నుంచి ఎక్కిస్తుంది కాబట్టి మోడల్, వెర్షన్ చెప్పి కొత్తది అడగండి. ఈ బాక్సులూ అతీతం కాదు. 2018లో ఫైబర్ లైన్లకు వాడే జీపాన్ రౌటర్లలో బయటపడిన సీవీఈ-2018-10562 లోపం పింగ్ పేజీలోనే ఉంది.

తర్వాత సెట్టింగ్స్‌లో రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి సెట్టింగ్స్ మార్చే దారి), టెల్‌నెట్ (దూరం నుంచి కమాండ్లిచ్చే పాత పద్ధతి), యూపీఎన్‌పీ (పరికరాలే పోర్టులు తెరుచుకునే సదుపాయం) ఆపేయండి. నిజంగా ఆగిందో లేదో బయటి నుంచి చూడాలి. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) చూసి, ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద ఆ అడ్రస్ కొట్టండి. లాగిన్ పేజీ వస్తే తలుపు తెరిచే ఉంది.

వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (ఒకే బయటి అడ్రస్‌ను చాలా ఇళ్లు పంచుకునే ఏర్పాటు) వెనక ఉన్నట్టు. పాత తరం అడ్రసుల ఐపీవీ4లో బయటివాళ్లు నేరుగా మిమ్మల్ని చేరలేరు. కొత్త తరం అడ్రసుల ఐపీవీ6 ఉంటే దాని ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో విడిగా చూడండి. సీజీనాట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. 2016 డిసెంబరులో నెట్‌గేర్ ఆర్7000 రౌటర్‌లో బయటపడిన లోపానికి, అడ్రస్‌లోనే సెమీకోలన్ పెట్టి కమాండ్ రాసిన లింకును ఇంట్లో ఎవరైనా తెరిస్తే చాలు. దాడి మీ బ్రౌజర్ నుంచే, ఇంటి లోపలి నుంచే వెళుతుంది.

ఫర్మ్‌వేర్ రాసేవాళ్లకు ఒక్కమాట. సెమీకోలన్ ఒక్కదాన్ని వడపోస్తే చాలదు. పైపు, యాంపర్సండ్, బ్యాక్‌టిక్, డాలర్ బ్రాకెట్, కొత్త లైను అన్నీ అదే పని చేస్తాయి. సిస్టమ్, పాపెన్ మానేసి, ఆర్గ్యుమెంట్లను విడివిడిగా ఇచ్చే ఎగ్జెక్‌వీఈ వాడండి. దేశం కోడ్ అయితే రెండు పెద్దక్షరాలు తప్ప ఏది వచ్చినా తిప్పికొట్టండి.

కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన మోడల్ అయితే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ జాబితాలో మీ హార్డ్‌వేర్ వెర్షన్ ఉందేమో చూడండి. లేకపోతే మార్చేయడమే. చాలామంది ఆ పాతదాన్ని పై గదిలో ఎక్స్‌టెండర్‌గా తగిలిస్తారు. అలా చేయకండి, అదే లోపం ఇంటి నెట్‌వర్క్ లోపలే కూర్చున్నట్టు అవుతుంది.