సున్నా కూడా రాయండి

చలికాలమంతా చెరువు కట్టల మీద పక్షుల్ని చూసేవాళ్ళు కనిపిస్తారు. మార్చి ఎండలు మొదలుకాగానే మానేస్తారు. నాకు అసలు పని అప్పుడే. శీతాకాలం మన దగ్గర గడిపిన పక్షులు ఉత్తర దిక్కుకు తిరుగుముఖం పట్టేది మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. ఏ పక్షి ఎప్పుడు వెళ్ళిపోయిందో రాసుకోవడమే ఆ పని.

నేను వెళ్ళేది హైదరాబాద్ శివారులో, మా ఇంటికి దగ్గరలోని అమీన్‌పూర్ చెరువుకు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మీ ఊరి చెరువైనా సరే, ఒక్కదాన్నే ఎంచుకుని వారానికి రెండుసార్లు అక్కడికే వెళ్ళండి. తెల్లవారగానే తూర్పు ఒడ్డున నిలబడితే సూర్యుడు వీపు వెనక ఉంటాడు. ఎదురెండలో ఏ బాతైనా నల్లగానే కనిపిస్తుంది. 8×42 బైనాక్యులర్ చాలు.

ముందు బురద చూడండి. నీళ్ళు తీసిన చోట గాడ్విట్‌లు అనే పొడవు ముక్కు పక్షులు మేస్తుంటాయి. డిసెంబరులో బూడిద రంగులో ఉన్న వాటికే ఇప్పుడు మెడ, ఎద ఇటుక రంగు తిరుగుతాయి. ప్రయాణం దగ్గరపడిందని అర్థం. ఫొటో కోసం వాటిని లేపకండి. దారి ఖర్చుకు ఒంట్లో కొవ్వు కూడబెట్టుకునే రోజులవి. లేచిన ప్రతిసారీ కొంత కరిగిపోతుంది.

తర్వాత మోదుగ చెట్టు. గులాబీ గోరింకలు గుంపులుగా వాలి పూలలో తేనె తాగుతాయి. తల, రెక్కలు నలుపు; వీపు, పొట్ట గులాబీ. మధ్య ఆసియా దాకా పోవలసినవి. పూలు రాలేదాకా ఆ చెట్టును వదలకండి.

ఇక నోటుపుస్తకం. మొదటి మూడేళ్ళు నేను పక్షులు కనబడిన రోజులే రాశాను. తర్వాత తిరగేస్తే సూదితోక బాతులు ఎప్పుడు వెళ్ళిపోయాయో తేలలేదు. ఖాళీ ఉన్న రోజున అవి లేవా, నేనే వెళ్ళలేదా? ఆ మూడేళ్ళు తిరిగి రావు, ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే వెళ్ళిన ప్రతిరోజూ తేదీ, సమయం, లెక్క రాయండి. పక్షి కనబడకపోతే సున్నా వేయండి. వరసగా మూడు సున్నాలు పడితే, అంతకుముందు చివరిసారి కనబడిన తేదీ చుట్టూ గీత గీయండి. పక్షుల లెక్కలు పంచుకునే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేసేటప్పుడు, గుర్తించిన పక్షులన్నీ జాబితాలో ఉన్నాయని తప్పక తెలపండి. జాబితాలో లేని పక్షి ఆ రోజు కనబడలేదని లెక్కకు వచ్చేది అప్పుడే.

ఏప్రిల్ చివరికి బాతుల వరుసలన్నీ సున్నాలే. అయినా మే మొదటి వారం దాకా వెళ్ళండి. తూము దగ్గరి బురదలో ఒకటో రెండో ఉల్లంకి పిట్టలు ఇంకా ఉండవచ్చు.