జోవాల రాయి మీద వేడినీళ్లు పోయకండి

పైడితల్లి అమ్మవారి పండగ దగ్గరకొచ్చింది. ఇళ్లు దులుపుతున్నారు, చుట్టాలొస్తారని సముద్రపు చేపలు, కోరల్స్ (పగడపు జీవులు) పెంచే ఉప్పునీటి ట్యాంకులూ కడుగుతున్నారు. పోయిన వారం విజయనగరంలోనే ఒకింట్లో, ట్యాంకంతా అల్లుకుపోయిన జోవాలను, అంటే రాళ్లకు అంటుకుని పెరిగే పగడాల తరహా మెత్తటి జీవుల్ని వదిలించాలని, అవి పట్టిన రాయిని బకెట్లో పెట్టి మరిగే నీళ్లు పోశారు. కొన్ని గంటల్లోనే ఇంటిల్లిపాదికీ చలిజ్వరం, దగ్గు, ఆయాసం.

కోరల్స్ జాగా కోసం కొట్టుకుంటాయని పెంచేవాళ్లకు తెలిసిందే. యూఫిలియా, గెలాక్సియా అనే కోరల్స్ రాత్రిపూట తంతువులు చాచి పక్కదాన్ని కుడతాయి. లెదర్ కోరల్ నీళ్లలోకి రసాయనం వదులుతుంది. వాటికి ఎడం ఉంచి, నీళ్లను వడగట్టే కార్బన్ మారుస్తుంటే చాలావరకు సరిపోతుంది. జోవాలు, వాటి దగ్గరి చుట్టాలైన పాలీతోవాలు అలా కాదు, చాపలా పాకి పక్కవాటిని కప్పేస్తాయి. వాటిని పీకేటప్పుడు ప్రమాదం మనకే. వాటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, పాలీతోవాల్లో మరీను. మరిగించినా ఆ విషం విరగదు. ఆవిరితో, తుంపర్లతో గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2018లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంట్లో ట్యాంకు శుభ్రం చేస్తే కుటుంబంలో ఆరుగురూ ఆస్పత్రి పాలయ్యారు. దీనికి విరుగుడు మందు లేదు.

కాబట్టి వేడినీళ్లు వద్దు. గోరువెచ్చనివీ వద్దు.

అసలు జోవాలను మొదటినుంచీ ఇసుక మీద విడి రాయికే పరిమితం చేస్తే పీకే పనే రాదు. ఎక్కువైతే రాయి రాయిగా తీసి ఇంకో ట్యాంకులోకి మార్చండి. చంపక తప్పదంటే ఆరుబయట, పది పాళ్ల చన్నీళ్లకు ఒక పాలు ద్రవ బ్లీచ్ కలిపి అరగంటకు పైగా నానబెట్టండి. ఆ బ్లీచ్‌లో బాత్రూం యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, కలపకండి.

బ్రష్‌తో రుద్దొద్దు. గ్రైండర్ పెట్టొద్దు. ఎండబెట్టి గీకొద్దు. పైపు నోటితో పీల్చి నీళ్లు తీయొద్దు, ఇది మనవాళ్లకు బాగా అలవాటు. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా చెయ్యి పెట్టొద్దు, చేతి మీద గాయముంటే అసలే వద్దు. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వొద్దు. వంటగది సింకులో కడగొద్దు. భీమిలి రాళ్ల మీద కనిపించే మెత్తటి గోధుమరంగు పొరలోనూ ఈ జాతివి ఉంటాయి, పీక్కొచ్చి ట్యాంకులో పెట్టొద్దు. వేడినీళ్లు మాత్రం ఎవరు చెప్పినా పోయొద్దు.

నోట్లో చేదుగా, లోహం రుచిగా అనిపించినా, పెదాలు తిమ్మిరెక్కినా, వణుకు పుట్టినా తెల్లారేదాకా ఆగకండి. అందరూ బయటికొచ్చి బేగి ఆస్పత్రికి వెళ్లండి. డాక్టరుకు ఈ కేసు ఎప్పుడూ ఎదురుపడి ఉండకపోవచ్చు. పాలీటాక్సిన్ అని కాగితం మీద రాసి చేతికివ్వండి.