యువతను గోల్ఫ్ క్యాడీలుగా తీర్చిదిద్దడం ఎలా?

గోల్ఫ్ ఆటగాడి వెంట సంచి మోసుకుంటూ నడిచే మనిషిని చూసి, క్యాడీ అంటే బరువు మోసేవాడనే చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరా వీధుల్లో ఉత్తరాలు, సామాన్లు చేరవేసే కుర్రాళ్లకు ఉన్న పేరే ఈ ఆటలోకి వచ్చింది కాబట్టి ఆ అభిప్రాయానికి కొంత ఆధారం లేకపోలేదు. అయితే ఆటగాళ్లు మంచి క్యాడీని మళ్లీ కావాలని అడిగేది అతని భుజబలాన్ని చూసి కాదు. బంతి ఎక్కడ పడిందో అతను కచ్చితంగా చెప్పగలడు, ఏ క్షణంలో ఎక్కడ నిలబడాలో అతనికి తెలుసు, అడిగిన దూరాన్ని తడుముకోకుండా చెబుతాడు. ఇవన్నీ చూపుకు సంబంధించిన పనులు. అందువల్ల శిక్షణ కూడా భుజంతో కాక కంటితో మొదలవ్వాలని, సంచిని చివరికి నేర్పే విషయాల్లో ఒకటిగా ఉంచాలని నేను గట్టిగా నమ్ముతాను. ఒక క్లబ్బులోనో యువజన సంఘంలోనో పది పన్నెండు మందికి ఈ పని నేర్పాలనుకునేవారు ఏ వరుసలో సాగితే బాగుంటుందో కింద వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: ఎవరిని చేర్చుకోవాలి?

1913లో అమెరికాలోని బ్రూక్‌లైన్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌లో, ఇరవై ఏళ్ల ఔత్సాహిక ఆటగాడు ఫ్రాన్సిస్ విమెట్ ఆనాటి మేటి ఆటగాళ్లు హ్యారీ వార్డన్, టెడ్ రేలను ఓడించినప్పుడు అతని సంచి మోసినవాడు పదేళ్ల ఎడ్డీ లోవరీ. ఆ కథ ఎంత ముచ్చటగా ఉన్నా నేటి శిక్షణకు అది కొలబద్ద కాకూడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒడంబడిక ప్రకారం పనిలో చేరడానికి సాధారణ కనీస వయసు 15 ఏళ్లు, ఆరోగ్యానికీ చదువుకూ అడ్డురాని తేలికపాటి పనికి 13 ఏళ్లు. ఆర్థిక వ్యవస్థ తగినంతగా ఎదగని దేశాలకు అందులో కొంత సడలింపు ఉంది. మీ దేశంలోని చట్టం అంతకంటే కఠినంగా ఉంటే దానినే పాటించాలి. మైనర్ల విషయంలో తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం తీసుకోవడం, బడి వేళలకు అడ్డురాని సమయాలనే కేటాయించడం నిర్వాహకుల బాధ్యత.

పద్దెనిమిది హోల్స్ (బంతిని చేర్చవలసిన గుంతలు) ఆట పూర్తవడానికి నాలుగు నుంచి అయిదు గంటలు పడుతుంది, ఆ వ్యవధిలో క్యాడీ సుమారు ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు నడుస్తాడు. ఎండలో అంతసేపు నడవగలిగే ఆరోగ్యం, దూరాన ఉన్న చిన్న వస్తువును గుర్తించగలిగే చూపు ఉన్నాయో లేదో ముందే పరీక్షించండి. కళ్లద్దాలు అవసరమైనవారిని తిప్పి పంపకండి, అద్దాలు ఇప్పించి తీసుకోండి. గోల్ఫ్ ఆడిన అనుభవం మాత్రం అక్కరలేదు.

రెండవ మెట్టు: ఖాళీ చేతులతో మైదానమంతా నడిపించండి

మొదటి రెండు మూడు రోజులు క్లబ్బులను, అంటే బంతిని కొట్టే కర్రలను, ముట్టుకోనివ్వకుండా, ఆట లేని వేళలో మొదటి టీ నుంచి చివరి గ్రీన్ దాకా నడిపించాలి. టీ (ప్రతి హోల్ ఆట మొదలుపెట్టే చోటు), ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన దారి), రఫ్ (గడ్డి పొడవుగా పెరిగిన భాగం), బంకర్ (ఇసుక గుంట), గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) అనే మాటలను పలక మీద రాసి వల్లె వేయించే బదులు ఆ చోట్ల నిలబెట్టి చెబితే ఒక్కసారికే గుర్తుంటాయి. బంతి హద్దు దాటిందని తెలిపే తెల్ల కర్రలు, నీటి గుంటల వంటి పెనాల్టీ ప్రాంతాలను సూచించే పసుపు, ఎర్ర కర్రలు ఎక్కడెక్కడ ఉన్నాయో ప్రతి ఒక్కరి చేత ఒక చిన్న పుస్తకంలో పటం గీయించండి. దూరాన్ని తెలిపే గుర్తులను గ్రీన్ మధ్య భాగం నుంచి కొలిచారా, ముందు అంచు నుంచి కొలిచారా అనేది మైదానాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఆ సంగతిని మొదటి రోజే స్పష్టం చేయాలి. ఇది తెలియని క్యాడీ చెప్పే ప్రతి అంకె తప్పుతుంది.

ఇదే సమయంలో వారి అడుగును కొలిపించండి. టేపుతో నూరు గజాలు కొలిచి గుర్తులు పెట్టి, ఎన్ని అడుగుల్లో దాటుతారో లెక్కించుకోమనాలి. ఎవరి అడుగు ఎంతో వారికి తెలిస్తే, దూరపు గుర్తు నుంచి బంతి వరకు నడిచి మిగిలిన దూరాన్ని తేల్చగలుగుతారు. దూరం కొలిచే పరికరాలు చేతికి వచ్చాక కూడా ఈ అలవాటు వృథా పోదు.

మూడవ మెట్టు: బంతిని చూడటం

శిక్షణ కాలంలో ఎక్కువ భాగం దీనికే కేటాయించాలి. కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు ఒకటి ఉంది. దెబ్బ తగలగానే వారి కళ్లు ఆటగాడి ముఖం మీదికి వెళతాయి, ఆ ఒక్క క్షణంలో బంతి ఆకాశంలో కలిసిపోతుంది. దెబ్బ తగిలిన క్షణం నుంచి బంతి ఆగే వరకు చూపు దాని మీదే ఉండాలని, ఆగిన తరువాత కూడా గుర్తు దొరికే దాకా చూపు తిప్పకూడదని పదేపదే చెప్పాలి.

గుర్తు పట్టే పద్ధతి ఇది. బంతి పడిన చోటుకు సరిగ్గా అదే వరుసలో దూరంగా ఉన్న, కదలని ఒక వస్తువును ఎంచుకోవాలి: విలక్షణంగా కనిపించే ఒక చెట్టు కొమ్మ, స్తంభం, బంకర్ అంచు లాంటివి. పక్షి, బండి, మబ్బు నీడ పనికిరావు. తరువాత బంతి ఆ వస్తువుకు ఎంత ఇవతల ఆగిందో అంచనా వేసి, చూపు మరల్చకుండా దాని వైపే తిన్నగా నడవాలి. దారిలో గుంట అడ్డం వచ్చి పక్కకు జరగవలసి వస్తే, మొదట నిలబడిన చోటు ఏదో గుర్తుంచుకుని మళ్లీ ఆ గీత మీదికి రావాలి. బంతి చెట్లలోకి వెళ్లినప్పుడు చెవి కూడా పని చేయాలి, ఎందుకంటే కొమ్మకు తగిలిన చప్పుడు ఎటు వినిపించిందన్నదే తరచు బంతిని పట్టిస్తుంది.

దీనికి ఒక మంచి అభ్యాసం ఉంది. శిక్షకుడు పది బంతులను కావాలనే రఫ్‌లోకి కొట్టాలి, ఇద్దరు శిక్షణార్థులు ఎడంగా రెండు చోట్ల నిలబడి చూడాలి. ఎవరి గుర్తు వైపు వారు నడిస్తే, ఇద్దరి దారులు కలిసే చోట బంతి ఉంటుంది. మొదటి రోజు పదింటిలో మూడో నాలుగో దొరికినా నిరుత్సాహపడనివ్వకండి. రోజూ లెక్క రాసి ఉంచితే ఎవరికి ఎంత మెరుగైందో వారికే కనిపిస్తుంది. ఉదయం, సాయంత్రం ఎండ కంట్లో పడే వేళల్లోనూ ఇదే అభ్యాసం చేయించాలి.

ఈ నైపుణ్యానికి ఇంత విలువ ఎందుకంటే, వెతకడం మొదలైన మూడు నిమిషాల్లో బంతి దొరకకపోతే అది పోయినట్టే లెక్క. 2019కి ముందు అయిదు నిమిషాలుండేది. ఆ గడియారం ఆటగాడు వెతకడంతోనే కాదు, క్యాడీ వెతకడంతోనూ మొదలవుతుంది.

నాలుగవ మెట్టు: సంచి

ఇప్పుడు సంచి ఇవ్వవచ్చు. క్లబ్బులు, బంతులు, నీళ్లు, గొడుగు అన్నీ కలిసి మామూలు సంచి పది నుంచి పదిహేను కిలోల దాకా తూగుతుంది. మొదట సగం క్లబ్బులతో, తొమ్మిది హోల్స్‌తో మొదలుపెట్టి క్రమంగా పెంచండి. పట్టీ పొడవును ఎత్తుకు తగ్గట్టు సర్దుకోవడం, భుజాలు మార్చుకోవడం, నడిచేటప్పుడు క్లబ్బులు గలగలమనకుండా ఒక చేత్తో వాటి తలలను పట్టుకోవడం నేర్పాలి. చిన్న వయసువారికి చక్రాల బండి ఇవ్వడంలో చిన్నతనం ఏమీ లేదు. రెండు సంచులు ఒకేసారి మోయడం కనీసం మొదటి ఏడాదిలో వద్దనే నా సలహా.

ఆట మొదలయ్యే ముందు క్లబ్బులను లెక్కపెట్టడం తప్పనిసరి అలవాటుగా చేయండి. నిబంధనల ప్రకారం పద్నాలుగుకు మించి ఉండకూడదు. 2001 ఓపెన్ ఛాంపియన్‌షిప్ చివరి రోజున, ఇంగ్లండ్‌లోని రాయల్ లైథమ్ మైదానంలో, ఆధిక్యంలో ఉన్నవారిలో ఒకడైన ఇయాన్ వూస్నమ్ సంచిలో రెండవ డ్రైవర్ (బంతిని బాగా దూరం కొట్టే క్లబ్బు) ఉండిపోయి పదిహేను క్లబ్బులయ్యాయి. మొదటి హోల్ చిన్నది కాబట్టి అక్కడ డ్రైవర్ అవసరం రాలేదు, రెండవ టీ దగ్గరకు వచ్చాకే సంగతి బయటపడింది. అతనికి రెండు స్ట్రోకుల శిక్ష పడింది, అంటే అతని లెక్కకు రెండు దెబ్బలు అదనంగా కలిపారు. ఈ ఉదంతం ఒక్కసారి చెబితే చాలు, కుర్రాళ్లు లెక్క మరచిపోరు.

తువ్వాలు సగం తడిగా, సగం పొడిగా ఉంచుకుని, కొట్టిన ప్రతిసారీ క్లబ్బు ముఖాన్ని తుడిచిన తరువాతే సంచిలో పెట్టాలి.

అయిదవ మెట్టు: ఎక్కడ నిలబడాలి, గ్రీన్ మీద ఏం చేయాలి?

ఆటగాడు కొట్టబోయేటప్పుడు క్యాడీ అతని కంటికి అడ్డురాకుండా, క్లబ్బు తిరిగే పరిధికి బయట, కదలకుండా నిలబడాలి. ఇది మర్యాద మాత్రమే కాదు. ఆటగాడు బంతి ముందు పాదాలు సర్దుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచి కొట్టేవరకు, క్యాడీ బంతికి వెనుక వైపున, గురి రేఖ మీద గానీ దానికి దగ్గరగా గానీ కావాలని నిలబడటాన్ని 2019 నుంచి నిబంధనలు నిషేధించాయి.

గ్రీన్ దగ్గర సంచిని ఎప్పుడూ గ్రీన్ మీద పెట్టకూడదు. తరువాతి టీకి వెళ్లే దారి వైపున బయట పెడితే, ఆట ముగియగానే వెనక్కు నడవనక్కరలేదు. ఏ ఆటగాడి బంతి నుంచి హోల్ వరకు ఉన్న దారినీ తొక్కకూడదు, తన నీడను కూడా దానిమీద పడనివ్వకూడదు. జెండా కర్ర పట్టుకోమన్నప్పుడు ముందుగా దాన్ని కొద్దిగా కదిలించి వదులుగా ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే బంతి దొర్లివచ్చే వేళకు కర్ర బిగుసుకుపోయి రాకపోవచ్చు. జెండా గుడ్డ రెపరెపలాడకుండా కర్రతో కలిపి పట్టుకోవాలి.

బంతి పడి గ్రీన్ మీద ఏర్పడిన గుంటను బాగుచేయడంలో దాదాపు అందరూ తప్పు చేస్తారు. అడుగు నుంచి మట్టిని పైకి లేపితే గడ్డి వేర్లు తెగి ఎండిపోతుంది. చుట్టూ ఉన్న అంచులను మధ్యలోకి నెట్టి, పుటర్‌తో (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్బుతో) మెల్లగా తట్టాలి. బంకర్‌లోకి పల్లంగా ఉన్న వైపు నుంచి దిగి, బంతి బయటపడ్డాక అడుగుల గుర్తులు కనబడకుండా ఇసుకను సరిచేస్తూ వెనక్కు రావాలి. ఫెయిర్‌వేలో ఊడిన గడ్డిపెళ్లను తిరిగి పెట్టాలా, గుంటను ఇసుకతో నింపాలా అనేది మైదానం వారిని అడిగి తెలుసుకోండి.

ఆరవ మెట్టు: నిబంధనలు, మాట

క్యాడీ చేసిన తప్పుకు శిక్ష ఆటగాడికి పడుతుంది. ఈ ఒక్క వాక్యం అర్థమైతే మిగతా నిబంధనలను శ్రద్ధగా వింటారు. గ్రీన్ మీద గుర్తు పెట్టి బంతిని తీయవచ్చు కానీ, మిగతా చోట్ల ఆటగాడు చెప్పనిదే తీయకూడదు. వేరే ఆటగాడికి ఏ క్లబ్బు వాడాలో చెప్పకూడదు, వారి క్యాడీని అడగనూ కూడదు. వెతుకుతూ పొరపాటున బంతిని కదిలిస్తే శిక్ష లేదు, కాబట్టి భయపడి దాచకుండా వెంటనే చెప్పి దానిని పాత చోట పెట్టించాలి.

సమయానికి రావడం, వెనుకబడకుండా నడవడం, నోరు అదుపులో పెట్టుకోవడం క్యాడీ ధర్మాలని ఈ వృత్తిలో పాత మాట ఉంది. మొదటి రెండూ సరే, మూడవదాన్ని మాత్రం జాగ్రత్తగా నేర్పాలి. అడగని సలహా ఇవ్వకపోవడం వేరు, ప్రమాదం కనిపించినా మాట్లాడకపోవడం వేరు. బంతి మనుషుల వైపు వెళుతుంటే గొంతెత్తి ‘ఫోర్’ (తప్పుకోమనే హెచ్చరిక) అని అరవాలి, ఆటగాడి అనుమతి కోసం చూడకూడదు. దూరం అడిగితే తెలిసిన అంకె చెప్పాలి, తెలియకపోతే తెలియదనాలి. ఊహించి చెప్పిన అంకె ఒక్కసారి తప్పితే ఆ రోజంతా ఆటగాడు ఆ క్యాడీ మాటను నమ్మడు. గాలి గురించి చెప్పేటప్పుడు నేలమీద గడ్డి పరకలు విసిరి చూడటంతో పాటు చెట్ల చిటారు కొమ్మలనూ గమనించమనండి, బంతి ప్రయాణించేది ఆ ఎత్తులో కదా.

ఉరుము వినిపిస్తే ఆట ఆపి భవనంలోకి చేరాలి, చివరి ఉరుము తరువాత ముప్పై నిమిషాల దాకా బయటికి రాకూడదు. ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు, క్లబ్బులను పట్టుకుని తిరగకూడదు. ఆటగాడు ఇంకొక్క హోల్ అని బతిమాలినా వెళ్లిపోయే హక్కు క్యాడీకి ఉందని క్లబ్బు ముందే అందరికీ తెలియజేయాలి. తలకు టోపీ, తరచు నీళ్లు తాగే విరామం కూడా ఆటగాళ్ల దయకు వదలకుండా నియమంగా పెట్టండి.

ఏడవ మెట్టు: మొదటి ఆటలు, మొదటి వేతనం

కొత్త క్యాడీని మొదటి నాలుగైదు ఆటలకు అనుభవజ్ఞుడైన క్యాడీతో జతచేసి పంపాలి. మొదటి రెండింటిలో చూస్తాడు, తరువాతి వాటిలో పెద్దవాడు చూస్తుండగా తాను చేస్తాడు. ప్రతి ఆట తరువాత ఆటగాడి దగ్గర రెండు ప్రశ్నలకు మాత్రమే జవాబు తీసుకోండి: ఎన్ని బంతులు పోయాయి, ఎన్నిసార్లు అతని కోసం ఆగవలసి వచ్చింది? పొడవైన మార్కుల పత్రాలను ఎవరూ నిజాయతీగా నింపరు.

వేతనం ఎంతో అందరికీ కనబడేలా రాసిపెట్టి, అదే రోజు చేతికి అందించాలి. ఆటగాడు సంతోషంతో ఇచ్చే బహుమానం వేతనానికి అదనం, బదులు కాదు. ఎవరికి ఏ ఆట దక్కాలనేది వంతుల పట్టీ ప్రకారం జరగాలి, లేకపోతే నెమ్మదస్తులు మూలన కూర్చుండిపోతారు. వీలైతే మైదానం ఖాళీగా ఉండే వేళల్లో క్యాడీలను ఆడుకోనివ్వండి. తరువాతి కాలంలో జగద్విఖ్యాతులైన బైరన్ నెల్సన్, బెన్ హోగన్ ఇద్దరూ టెక్సస్‌లోని ఒకే క్లబ్బులో క్యాడీలుగా పనిచేసిన కుర్రాళ్లే. ఆటవైపు వెళ్లనివారికి చదువు ఉంది: తాను కూడా క్యాడీగా పెరిగిన చిక్ ఎవాన్స్ చొరవతో 1930లో అమెరికాలో క్యాడీల కాలేజీ చదువుకు ఉపకార వేతనాలు మొదలయ్యాయి, అవి నేటికీ కొనసాగుతున్నాయి. మీ క్లబ్బు సభ్యులు ఏటా ఒక్క క్యాడీ చదువుకైనా నిధి పోగుచేయగలరేమో శిక్షణ ప్రారంభించే ముందే వారిని అడగండి, అప్పుడు తల్లిదండ్రుల అంగీకార పత్రంతో పాటే ఆ వివరాన్ని వారికి అందించవచ్చు.