ఇంటికి కంప్యూటర్ కొనడం – నాలుగో పాఠం: వారంటీ ఇచ్చేది ఎవరు?

ఈ వారం ప్రింటర్ గురించి అనుకున్నాం. అది వచ్చే వారానికి వాయిదా. పోయిన పాఠం చివర, రెండు షాపులకు వెళ్ళి వారంటీ సంగతి కనుక్కుని రాసి పంపమన్నాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకటే మాట: ‘‘మూడేళ్ళండీ.’’ ఎవరిస్తారు, దేనికిస్తారు, పాడైతే వాళ్ళొస్తారా, మనం మోసుకెళ్ళాలా? ఇవేవీ లేవు. బ్రాడీపేట మాస్టారొకరు ఆ ఒక్క మాట నమ్మి ఆల్-ఇన్-వన్ (తెరలోనే కంప్యూటర్ అంతా ఇమిడి ఉండేది) కొనేశారు కూడా. నెల తిరక్కముందే తెర మీద నిలువు గీత పడింది. షాపువాళ్ళు ‘‘కంపెనీకి ఫోన్ చేసుకోండి’’ అన్నారు. కంపెనీవాళ్ళు ‘‘మీది క్యారీ-ఇన్, సర్వీస్ సెంటర్‌కు తీసుకురండి’’ అన్నారు. ఆ సెంటర్ విజయవాడలో ఉంది. అంత పెద్ద అట్టపెట్టె పట్టుకుని గుంటూరు బస్టాండులో నిలబడ్డాక గానీ క్యారీ-ఇన్ అంటే ఏమిటో అర్థం కాలేదని రాశారాయన.

అందుకని ఈ పాఠమంతా వారంటీయే. ర్యామ్ ఎంత, ఎస్ఎస్‌డీ ఎంత అని మళ్ళీ అడక్కండి, అవి రెండో పాఠంలో తేలిపోయాయి.

క్యారీ-ఇన్ అంటే మనం తీసుకెళ్ళాలి, ఆన్‌సైట్ అంటే టెక్నీషియన్ మనింటికొస్తాడు. అయితే ఫోన్ పెట్టేసిన వెంటనే బయల్దేరి రాడు. ముందు ఫోన్లోనే పరీక్ష జరుగుతుంది: పవర్ బటన్ ఇంతసేపు నొక్కి పట్టుకోండి, డయాగ్నస్టిక్స్ (మెషీన్ని పరీక్షించే ప్రోగ్రామ్) నడపండి, వచ్చిన ఎర్రర్ కోడ్ చదవండి అంటారు. విసుక్కోకుండా చెయ్యండి. ఏ భాగం పోయిందో తేలాకే ఆ భాగాన్ని తెప్పిస్తారు, మనిషిని పంపుతారు. ‘నెక్స్ట్ బిజినెస్ డే’ అని రాసి ఉన్నా ఫోన్ చేసిన మర్నాడని కాదు, లోపం తేలిన తర్వాత వచ్చే పనిరోజు అని. అది కూడా విడిభాగం దొరికితేనే. భోగి నాడు పాడైతే కనుమ దాటేదాకా ఎదురు చూడటమే.

నన్నడిగితే డెస్క్‌టాప్‌కి, ఆల్-ఇన్-వన్‌కి ఆన్‌సైట్ లేకపోతే కొనొద్దంటాను. ల్యాప్‌టాప్‌కి, మీరు విజయవాడ పటమటలోనో లబ్బీపేటలోనో ఉంటే, క్యారీ-ఇన్ చాలు. బెంజి సర్కిల్‌కి బండి మీద వెళ్ళి ఇచ్చి రావచ్చు. తెనాలిలోనో సత్తెనపల్లిలోనో ఉన్నవాళ్ళు మాత్రం ల్యాప్‌టాప్‌కి కూడా ఆన్‌సైట్ కట్టించుకోండి. అక్కడ కూడా, మీ పిన్‌కోడ్‌కి ఆన్‌సైట్ వర్తిస్తుందో లేదో కంపెనీనే అడగండి, షాపుని కాదు.

ఇక నాకు ఒళ్ళు మండే విషయం. బేరం చివర్లో, మనం వారంటీ గురించి రెండో ప్రశ్న వెయ్యబోతుండగా, కౌంటర్ వెనక నుంచి ఒక మాట వస్తుంది: ‘‘మేమున్నాం కదండీ!’’ దానికి కరిగిపోని గుంటూరు మనిషిని నేను చూడలేదు. షాపాయన మంచివాడే కావచ్చు, మీ వియ్యంకుడికి చుట్టమే కావచ్చు. కానీ మదర్‌బోర్డు (భాగాలన్నీ అమర్చే ప్రధాన బోర్డు) పోతే కొత్తది ఇవ్వాల్సింది తయారు చేసిన కంపెనీ. షాపాయన ఉన్నా లేకపోయినా, షాపు ఏలూరు రోడ్డు నుంచి ఇంకోచోటికి మారినా, కంపెనీ ముందుగా చూసేది మీ మెషీన్ సీరియల్ నంబరే. ఆ నంబరు కింద ఏముందో అదే మీ వారంటీ. అక్కడ లేనిది, ఎవరు ఎంత ప్రేమగా చెప్పినా, లేనట్టే.

ఈ మాటకి ఇంకో రూపం ‘ఎక్స్‌టెండెడ్ వారంటీ’. ఒక పాఠకురాలికి రబ్బరు స్టాంపు వేసిన చీటీ ఇచ్చారు. అది షాపు సొంత హామీ. ఇంకొకాయనకి వేరే సంస్థ ప్లాన్ అంటగట్టారు. క్లెయిమ్ చేస్తే రిపేరు ఆ సంస్థ పిలిచిన మనిషి చేస్తాడు, కంపెనీ టెక్నీషియన్ కాదు, వేసే విడిభాగం అసలుదో కాదో మనకి తెలీదు. మరొకరు కంపెనీ సొంత అప్‌గ్రేడ్ కొన్నారు, ఆయన ఒక్కడూ బాగుపడ్డాడు. మూడూ బిల్లులో ‘రెండేళ్ళు అదనం’ అనే కనిపిస్తాయి. తేడా తెలుసుకోవడం తేలికే: కంపెనీ అప్‌గ్రేడ్ అయితే సీరియల్ నంబరు కొట్టగానే కంపెనీ సైట్లో ముగింపు తేదీ మారి కనిపిస్తుంది. మారలేదంటే మీరు కొన్నది కంపెనీ వారంటీ కాదు. ‘‘సైట్లో ఎక్కడానికి టైం పడుతుందండీ’’ అంటే, ఎక్కాకే ఆ డబ్బు ఇస్తానండీ అనండి. మొహమాటపడకండి.

ఇంతకీ సీరియల్ నంబరు ఎక్కడుంటుంది? పెట్టె మీద స్టిక్కర్‌పై ఉంటుంది, మెషీన్ అడుగున ఉంటుంది. డెల్ వాళ్ళు దాన్నే సర్వీస్ ట్యాగ్ అంటారు, అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం ఏడు ఉంటాయి. నా పద్ధతి ఏమిటంటే, డబ్బు కట్టకముందే పెట్టె మీద నంబరు ఫోన్లో ఫొటో తీసి, అక్కడే నిలబడి కంపెనీ సపోర్ట్ పేజీలో కొట్టి చూస్తాను. మోడల్, వారంటీ రకం, మొదలు, ముగింపు అన్నీ వస్తాయి. ఒక్కోసారి వారంటీ ఎప్పుడో మొదలైపోయినట్టు చూపిస్తుంది. కంగారు పడొద్దు, సరుకు బయటికి పంపిన తేదీ నుంచి లెక్కేసుకుని ఉంటారు. బిల్లు పంపితే సరిచేస్తారు. ఆ పని మొదటి వారంలోనే చెయ్యండి.

బిల్లు అనగానే ఇంకో సంగతి. కంప్యూటర్ మీద జీఎస్టీ 18 శాతం. అది మిగులుతుందని కచ్చా చీటీతో కొంటే పైన చెప్పిన దిద్దుబాటుకి పంపడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. బావమరిది కంపెనీ పేరున బిల్లు తీయిస్తే పన్ను వెనక్కొస్తుందని ముగ్గురు రాశారు. రావచ్చు. కానీ రేపు గొడవైతే కొన్నది మీరు కాదు, బావమరిది కంపెనీ. వ్యాపారం కోసం కొన్నవాళ్ళని వినియోగదారుల చట్టం సాధారణంగా వినియోగదారులుగా లెక్కించదు. మీ పేరు, సీరియల్ నంబరు రెండూ బిల్లులో ఉండాలి. అసెంబుల్డ్ (విడిభాగాలు కొని కూర్చినది) అయితే ప్రతి భాగం నంబరూ ఉండాలి, ఎందుకంటే అక్కడ ఒక్క వారంటీ ఉండదు. పెట్టెలో వచ్చే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకి మామూలుగా మూడేళ్ళు, మిగతావి దేని లెక్క దానిదే.

కంపెనీ చెయ్యాల్సినవి: తయారీ లోపంతో పోయిన భాగం, దాన్ని మార్చే కూలి, డ్రైవర్లు (ఒక్కో భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములు), బయోస్ (ఆన్ చెయ్యగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్లు. మెషీన్‌కి మూడేళ్ళున్నా చాలా ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీకి ఏడాదే. విండోస్ అప్‌డేట్లు మైక్రోసాఫ్ట్ పని. విండోస్ 10కి ఆ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, పాత స్టాకు తగ్గించి ఇస్తామంటే విండోస్ 11 పడుతుందో లేదో చూడండి. కింద పడటం, హై ఓల్టేజి, నీళ్ళు వారంటీలోకి రావు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళల్లో మునిగిన కంప్యూటర్లకి ఏ మామూలు వారంటీ అయినా ఇంతే. దానికి యాక్సిడెంటల్ డ్యామేజ్ (ప్రమాదవశాత్తు పాడైతే) కవరో ఇన్సూరెన్సో విడిగా ఉండాలి, అందులోనూ వరద ఉందో లేదో చదువుకోవాలి.

మీ ఫొటోలు, ఫైళ్ళు కూడా రావు. డిస్కు మారిస్తే పాతది కంపెనీ పట్టుకెళ్తుంది. డిస్కు మార్చకపోయినా చిక్కు ఉంది: మదర్‌బోర్డు మార్చాక కొన్ని ల్యాప్‌టాప్‌లు డిస్కుకి విండోస్ వేసిన తాళం తెరవడానికి 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతాయి. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో మామూలుగా ఉంటుంది, టెక్నీషియన్ దగ్గర ఉండదు. ఆ అకౌంట్ షాపు కుర్రాడు తన మెయిల్‌తో తెరిచి ఉంటే ఏం చేస్తారు?

కొత్తదే లోపంతో వచ్చి, షాపు ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు చూపిస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం గుర్తు చెయ్యండి. బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న సరుకుని 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోననడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, మీరుండే జిల్లాలోనే వెయ్యవచ్చు.

అభ్యాసం: ఇంట్లో ఇప్పుడున్న కంప్యూటర్, పాతదైనా సరే, దాని సీరియల్ నంబరు కనుక్కుని వారంటీ రకం, ముగింపు తేదీ రాయండి. బిల్లు వెతికి రెండు నంబర్లూ సరిపోయాయో లేదో చూడండి. బిట్‌లాకర్ కీ ఉంటే కాగితం మీద చేత్తో రాసి బీరువాలో పెట్టండి, నాకు పంపొద్దు. తర్వాత కొనాలనుకుంటున్న కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, మీ పిన్‌కోడ్ చెప్పి, ఆన్‌సైట్ ఉందా అని అడగండి. తెలుగులో మాట్లాడేవాళ్ళు దొరికారో లేదో కూడా రాయండి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళకి ఇంకొకటి: ఆ వారంటీ ఇండియాలో చెల్లుతుందా, దేశం మార్చమని అర్జీ పెట్టుకోవాలా? కంపెనీ నుంచి మెయిల్‌లో జవాబు తెప్పించండి.